వదిలేసిన పాఠం

"పాపకి ఏదైనా అయితే నాకు తెలియదేమో పిన్నీ. నేనిక్కడ పాఠం చెప్తూ ఉంటాను, అక్కడ ఏదో అయిపోతుంది. ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియదు."

ప్రసూతి సెలవు ముగించుకుని స్కూలుకు వచ్చిన మొదటి రోజు, జీవశాస్త్రం ల్యాబ్ గుమ్మంలో నిలబడి నేను అన్న మొదటి మాట ఇది. ఎలా ఉన్నావని అడగలేదు. భుజం మీది సంచీ కూడా దించలేదు. లోపల సింకు దగ్గర పిన్ని పెట్రీ డిష్‌లు కడుగుతోంది. చేతిలో ఉన్నదాన్ని గుడ్డ మీద బోర్లించి, కుళాయి కట్టేసింది.

"పిల్ల ఎవరి దగ్గరుంది?"

"మా అత్తయ్య దగ్గర."

"ఆవిడ ఎంతమందిని పెంచింది?"

"ముగ్గుర్ని."

"ముగ్గురూ ఉన్నారా?"

"ఉన్నారు. ఒకర్ని నేనే చేసుకున్నాను."

"మరింకేం" అని మళ్ళీ కుళాయి తిప్పింది.

స్కూల్లో అందరూ ఆమెను గాజు పిన్ని అంటారు. ల్యాబ్‌లో ఎవరు పరుగెత్తినా, తోసుకున్నా "గాజు, గాజు!" అని అరుస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబ్‌కు అటెండరు. నేను పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే చదివాను. ఇప్పుడు అవే తరగతులకు జీవశాస్త్రం చెప్తున్నాను. నలుగురిలో ఉన్నప్పుడు ఆమె నన్ను "మేడమ్, మీరు" అంటుంది. తలుపు వేశాక "నువ్వు" అంటుంది. ఒకప్పుడు నా చేతిలో పగిలిన బీకర్ల సంఖ్య ఆమెకు ఇప్పటికీ గుర్తుంది కాబట్టి నేనూ అభ్యంతరం చెప్పను.

ల్యాబ్ మూడో అంతస్తు చివర ఉంటుంది. ఎనిమిది బల్లలు, పదకొండు మైక్రోస్కోపులు. గోడ పొడవునా అలమరల్లో ఫార్మలిన్ సీసాలు, వాటిలో రంగు వెలిసిపోయిన జీవులు. మూలన కొక్కేనికి వేలాడే అస్థిపంజరాన్ని పిన్ని "పెద్దాయన" అంటుంది. "పెద్దాయన్ని కదపకండి, ఇప్పటికే రెండు పక్కటెముకలు తీగతో కట్టాను" అని ప్రతి కొత్త తరగతికీ చెప్తుంది. కిటికీ గట్టు మీద నోటి వరకు నీళ్ళు నింపిన సీసాలు, ఒక్కో సీసా మూతి మీద ఒక్కో ఉల్లిపాయ. నాలుగైదు రోజులకు తెల్లటి వేళ్ళు నీళ్ళలోకి దిగుతాయి. ప్రాక్టికల్ ఉన్న రోజు పొద్దున్నే వచ్చి ఆ వేళ్ళ కొసలు కోస్తుంది. ఆలస్యమైతే కణాలు విభజనకు బద్ధకిస్తాయి అంటుంది. స్లైడ్లకు అద్దే రంగు ఎక్కి ఆమె చూపుడు వేలు, బొటనవేలు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఏటా ఎవరో ఒక అమ్మాయి మైక్రోస్కోపులోకి చూస్తూ కేక పెడుతుంది, "మేడమ్, నల్లగా ఏదో పురుగు! కదులుతోంది!" అని. నేను అక్కడికి వెళ్ళేలోపే పిన్ని వెళ్తుంది.

"కన్ను ఆర్పు."

అమ్మాయి ఆర్పుతుంది.

"కదిలిందా? అది నీ రెప్ప వెంట్రుకే. బొమ్మ గీసి పక్కన నీ పేరే రాసుకో."

తరగతి అంతా నవ్వుతుంది. పిన్ని నవ్వదు. పెదవులు మాత్రం కొద్దిగా సాగుతాయి. ఆమె అంతకంటే ఎక్కువ నవ్వడం నేను చదువుకునే రోజుల్లో చూశాను. ఉద్యోగంలో చేరాక చూడలేదు.

ఆమెకు ఒక కూతురు ఉండేది. ఇదే స్కూల్లో పన్నెండో తరగతి చదువుతూ జ్వరంతో పోయింది. నేను ఉద్యోగంలో చేరడానికి రెండేళ్ళ ముందు సంగతి. అందరికీ తెలుసు, ఎవరూ ఆమె ముందు ఆ మాట ఎత్తరు. రెండు వారాల తర్వాత పనిలోకి వచ్చి, తాను పెట్టి వెళ్ళిన ఉల్లిపాయలు కుళ్ళిపోయి ఉంటే వాటిని తీసి పారేసి, సీసాలు కడిగి, కొత్తవి పెట్టిందట. ఆ రోజు ల్యాబ్‌లో ఉన్న టీచరు నాతో చెప్పిన మాట ఇది. "ఏడుస్తుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను పాదాలు పైకెత్తమని, నేల తుడిచింది."

నేను సెలవు నుంచి తిరిగి వచ్చిన నెలలోనే తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళారు. వెళ్తూ ఒక కొత్త నిబంధన పెట్టారు. ల్యాబ్‌లో రసాయనాలు ముట్టుకునే మనిషి కనీసం పన్నెండో తరగతి జీవశాస్త్రం పాసై ఉండాలి. పిన్ని పదితో ఆపేసిన మనిషి. ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, ఏడాది చివర ప్రైవేటుగా పరీక్ష రాయమన్నాడు. తప్పితే ముందు గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయేవాళ్ళ రిజిస్టరు చేతికిస్తానన్నాడు.

"నా చేతిలో ఏమీ లేదండీ" అన్నాడు పాపం.

"గేటు దగ్గర నేనేం చెయ్యాలి సార్?"

"ఏముందండీ, హాయిగా కూర్చోవడమే."

"కూర్చుంటే నాకు పడదు సార్" అంది పిన్ని. అంతే. తిరిగి వచ్చి సింకు దగ్గర నిలబడింది. నేను వెళ్ళేసరికి కడిగిన గొట్టాలనే మళ్ళీ కడుగుతోంది.

"నాకు చెప్తావా?" అంది, నావైపు చూడకుండా. "నాకు వేరే చోటు లేదు. ఇంట్లో నాలుగు గోడలు, ఇక్కడ నాలుగు గోడలు. ఇక్కడైతే పని ఉంటుంది."

మరునాటి నుంచి నాలుగింటికి బడి వదిలాక గంటసేపు పాఠం మొదలుపెట్టాం. ఆమె తెచ్చుకున్న పుస్తకం కూతురిది. అట్ట వేసి ఉంది, లోపల ముఖ్యమైన వాక్యాల కింద ఆకుపచ్చ పెన్సిలుతో స్కేలు పెట్టి గీసిన గీతలు ఉన్నాయి. పిన్ని ఆ పేజీలను బరువు లేని వస్తువుల్లా తిప్పేది.

చెప్పాల్సింది అనుకున్నంత లేదు. కణ విభజన దశలన్నీ ఆమె కళ్ళతో వేలసార్లు చూసింది, పేర్లకే నోరు తిరగాలి. జీవుల వర్గీకరణ మొత్తం అలమర వరుసలో గుర్తుంది. చిక్కల్లా రాయడంలోనే వచ్చింది. ఎంత పెద్ద ప్రశ్నకైనా మూడు వాక్యాలు రాసి పెన్ను మూత పెట్టేది.

"ఇది ఎనిమిది మార్కుల ప్రశ్న పిన్నీ. మూడు ముక్కలతో తేల్చేస్తే ఎలా?"

"ఉన్నదంతా రాశాగా."

"ఉన్నదాన్నే కాస్త సాగదియ్యాలి."

"దిద్దేవాళ్ళకి పనిలేదా?"

"వాళ్ళ పనే అది."

అనువంశికత పాఠంలో బఠానీ మొక్కల దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. "అన్నేళ్ళు గింజలు లెక్కపెడుతూ కూర్చున్నాడా ఆ సన్యాసి?" అంది. అవునన్నాను. "పొడుగు, పొట్టి. నునుపు, ముడత. అంతేనా?" అంతేనన్నాను. "ఆ పని నాకిస్తే బాగుండేది" అంది. హాస్యానికి అనలేదు.

ఆ గంటలో నేను మూడుసార్లయినా వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసేదాన్ని.

"అత్తయ్యా, పాప పడుకుందా?"

"పడుకుందమ్మా. నీ ఫోను మోగేదాకా పడుకుంది."

"ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"బతికున్న పిల్ల ఒళ్ళు వెచ్చగా కాక ఇంకెలా ఉంటుంది? నువ్వు పని చూసుకో."

ఆవిడ మంచి మనిషి. విసుగును నవ్వులో కలిపి ఇస్తుంది. అయినా ఫోన్ పెట్టగానే నాకు మళ్ళీ మొదలయ్యేది. ఇది భయమని కూడా అప్పట్లో నాకు అనిపించేది కాదు. నాలో ఎక్కడా దడ లేదు, చెమట లేదు. ఒక బల్ల మీద ఉన్న వస్తువును రోజుకు ఇరవైసార్లు సరిగ్గా పెట్టే మనిషిలా ఉండేదాన్ని. పాప నవ్వితే నవ్విందని గమనించేదాన్ని. దాని ఊపిరి లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి ఎన్ని ఉండాలో నాకు తెలుసు, సరిపోయేవి, మళ్ళీ లెక్కపెట్టేదాన్ని.

పరీక్షలకు రెండు నెలలు ఉందనగా "ఆరోగ్యం, వ్యాధులు" అనే పాఠం వచ్చింది. పిన్ని పేజీ తిప్పి, అరచేయి దాని మీద పెట్టింది. ఆకుపచ్చ గీతలు అంతకుముందు పాఠంతో ఆగిపోయాయి. ఈ పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆమె ఏదో అనబోయింది. నేనే ముందు అన్నాను, "దీన్ని వదిలేద్దాం పిన్నీ. మిగతావి బాగా వస్తున్నాయిగా. దీన్లోంచి ఒక్క ప్రశ్న వస్తుంది, పోతే పోయింది."

"సరే" అంది.

ఆమె కోసమే అలా అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. ఆ వారం పాపకు టీకా వేయించాం, రెండు రోజులు ఒళ్ళు కాలింది. ఆ పాఠంలో ఉన్న రోగాల పేర్లు, లక్షణాలు పైకి చదవడం నా వల్ల కాదు. నా తరగతి పిల్లలకు కూడా ఆ ఏడాది దాన్ని నేను చెప్పలేదు. "తేలిక పాఠం, ఇంట్లో చదువుకోండి" అన్నాను. వాళ్ళు సంతోషించారు.

ప్రాక్టికల్ పరీక్ష ఆమె ల్యాబ్‌లోనే జరిగింది. ఆ రోజు ఆమెకు పని అప్పగించకూడదు కనుక పక్క ల్యాబ్ మనిషిని తెచ్చి పెట్టారు. అతను స్పిరిట్ దీపం ఎక్కడుందో వెతుక్కుంటుంటే, పరీక్ష రాస్తున్న పిన్ని కళ్ళతోనే మూడో అర చూపించింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఆమె చేసిన స్లైడు చూసి తల పైకెత్తాడు.

"వేరును ఇంత పలచగా నలపడం ఎవరు నేర్పారమ్మా?"

"ఉల్లిపాయలే నేర్పాయి సార్."

ఆ మార్కుల గురించి బెంగపడాల్సిన పని లేకపోయింది.

థియరీ పరీక్ష రోజు సాయంత్రం ప్రశ్నపత్రం మడిచి పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. రాసిన వాటికి పక్కన చిన్న టిక్కులు పెట్టుకుంది. నేను వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. పన్నెండో ప్రశ్న పక్కన ఏమీ లేదు. దోమకాటు వల్ల వ్యాపించే ఏదైనా ఒక వ్యాధి లక్షణాలు, ప్రమాద సూచనలు, నివారణ రాయండి. ఎనిమిది మార్కులు.

"ఇదొక్కటి వదిలేశాను. చదవలేదుగా" అంది.

డెబ్బైకి ఇరవై ఐదు రావాలి. ఆమెకు ఇరవై రెండు వచ్చాయి.

ప్రిన్సిపాల్ వెంటనే ఆమెను గేటుకు పంపలేదు. ఆరు వారాల్లో సప్లిమెంటరీ ఉందని, అందాకా తాళాలు ఆమె దగ్గరే ఉంచవచ్చని అన్నాడు. ఈసారి కూడా తప్పితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరన్నాడు. గేటు దగ్గర కుర్చీ అప్పటికే వేశారు. ప్లాస్టిక్ కుర్చీ, నీలం రంగుది. రోజూ లోపలికి వస్తూ నేను దాన్ని చూసేదాన్ని, పిన్నీ చూసేది.

మూడు మార్కులు. ఆ పాఠం ఒక్క సాయంత్రం చెప్పి ఉంటే వచ్చేవి. నాకు ఏడుపు రావాల్సింది, రాలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి పాప నుదురు ఏడుసార్లు ముట్టుకుని చూశాను. మా ఆయన లెక్కపెట్టాడు కనుక తెలుసు.

"థర్మామీటరు అరిగిపోతుందని చెయ్యి వాడుతున్నావా?" అన్నాడు. నేను నవ్వలేదు. అతను పాపను ఎత్తుకుని అవతల గదిలోకి వెళ్ళిపోయాడు.

మరునాడు నాలుగింటికి ల్యాబ్ తలుపు వేసి చెప్పేశాను.

"పిన్నీ, ఆ పాఠం నీ కోసం వదల్లేదు. చెప్పలేక నేనే వదిలేశాను. నా మూలంగానే తప్పావు."

ఆమె కవర్ స్లిప్పులు ఒక్కొక్కటిగా తుడిచి డబ్బాలో పేరుస్తోంది.

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"నాకూ అదే కావాల్సొచ్చింది. ఇద్దరం దొంగలమే. కూర్చో, చదువు."

నేను చదివాను. మొదట మలేరియా, తర్వాత డెంగీ. నా గొంతు వార్తలు చదివినట్టు ఉంది. జ్వరం సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య తగ్గుతుందని, అలా తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదమని, ఆ సమయంలో తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, మగతగా గానీ అస్థిమితంగా గానీ ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఉంది.

"ఆగు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"చేతులు చల్లబడటం అని రాశారా?"

"రాశారు పిన్నీ."

ఆమె పుస్తకం తనవైపు తిప్పుకుని, ఆ వాక్యాన్ని వేలితో తోసుకుంటూ తానే చదివింది. తర్వాత చెప్పింది. గొంతు మారలేదు. సామాను జాబితా చెప్తున్నట్టు చెప్పింది.

"నాలుగో రోజు పొద్దున దాని చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. ఆయన్ని కేకేసి చెప్పాను, జ్వరం దిగింది, మీరు పనికెళ్ళండి అని. ఆయన వెళ్ళాడు. కడుపు నొప్పి అంది. మూడు రోజులుగా ఏం తిన్నావు, అది ఆకలి నొప్పి అన్నాను. మంచం మీద అటూ ఇటూ దొర్లింది. జ్వరం తగ్గాక చిరాకుగా ఉంటుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి మాట ముద్దగా వచ్చింది. అప్పుడు బండి మాట్లాడి తీసుకెళ్ళాం. ఆలస్యం చేశారన్నారు."

ఆమె వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది.

"ఈ పుస్తకం దాని బల్ల మీదే ఉంది. ఈ పేజీయే, తెరవలేదంతే. నేను మంచం పక్కనే ఉన్నాను. మా ఆడపడుచు అందరితో అంటుంది, వదిన పిల్లని కంటికి రెప్పలా చూసుకుంది అని. నిజమే. కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. ఏం చూడాలో తెలియదు."

"నీ తప్పు కాదు పిన్నీ."

"తప్పా ఒప్పా అని నిన్నడిగానా?" అంది. కోపం లేదు. "ఎనిమిది మార్కులకి ఎన్ని పాయింట్లు రాయాలి?"

"ఆరు రాస్తే చాలు."

పెన్సిలు కోసం చూసింది, లేదు. నా ఎర్ర పెన్ను తీసుకుని, పెట్రీ డిష్ మూత అంచు ఆనించి ఆ వాక్యాల కింద గీతలు గీసింది. వంకరగా వచ్చాయి. తర్వాత తెల్లకాగితం మీద ఆరు పాయింట్లు రాసి చూపించింది. ఇన్ని నెలల్లో ఆమె సాగదీసి రాసిన జవాబు అదొక్కటే. పేజీన్నర వచ్చింది. మార్కులు వేయమంది. ఎనిమిదికి ఎనిమిది వేశాను.

ఆ ఆరు వారాల్లో ఆ పాఠాన్ని నాలుగుసార్లు చదివాం. వదిలేసిన నా తరగతి పిల్లలను కూడా సెలవుల్లో రెండు రోజులు రప్పించి చెప్పాను. వాళ్ళు పరీక్ష ఎప్పుడో రాసేశారు. "ఇప్పుడెందుకు మేడమ్?" అన్నారు. "పరీక్షకి కాదు" అన్నాను. సగం మందే వచ్చారు.

సప్లిమెంటరీలో ఆ పాఠం నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పుష్పించే మొక్కల ప్రత్యుత్పత్తి మీద వచ్చింది, హార్మోన్ల మీద వచ్చింది. పిన్నికి ముప్పై తొమ్మిది మార్కులు వచ్చాయి. నేను మూడు అంతస్తులూ మెట్లెక్కి, రొప్పుతూ ల్యాబ్‌లోకి వెళ్ళి చెప్పాను. ఆమె కిటికీ దగ్గర కొత్త తరగతి కోసం సీసాల్లో నీళ్ళు పోస్తోంది.

"పాసయ్యావు పిన్నీ! ముప్పై తొమ్మిది!"

"సరే" అంది. ఒక ఉల్లిపాయను సీసా మూతి మీద కుదురుగా కూర్చోబెట్టి, అది నిలబడిందో లేదో చూసి, "మంచిదే. ఆ కుర్చీ తీయించమని చెప్పు, దారికి అడ్డంగా ఉంది" అంది.

నేను సంతోషించాలని చూశాను. ఏదో కొంచెం కదిలింది, చాలా లోపల. అలవాటుగా వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. బాగుందమ్మా అంది అత్తయ్య. పెట్టేసి, రెండు నిమిషాలకు మళ్ళీ చేయబోతుంటే గుమ్మం లోంచి పిన్ని పిలిచింది.

"ఇలా రా. ఫోన్లో ఏం అడుగుతున్నావు?"

"పాప ఎలా ఉందని."

"వాళ్ళేమంటున్నారు?"

"బాగుందని."

"ఎలా ఉందని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. అది మర్యాద, జవాబు కాదు. కాగితం తియ్యి."

రికార్డు పుస్తకం చివరి కాగితం చింపాను. ఆమె నిలబడే చెప్పింది, నేను రాసుకున్నాను. సాయంత్రం ఆ కాగితాన్ని పిల్లల డాక్టరుకు చూపించాను. ఆవిడ ఒక మాట దిద్ది, జ్వరం అంకె ఒకటి చేర్చి ఇచ్చింది. ఇప్పుడది మా వంటింటి అలమర తలుపుకు అతికించి ఉంది. పక్కన పట్టిక గీసుకున్నాం, రోజుకు మూడు గడులు, నేనో, అత్తయ్యో, మా ఆయనో నింపుతాం. నేను స్కూలు నుంచి రోజుకు ఒక్కసారే ఫోన్ చేస్తున్నాను. ఆ ఒక్కసారీ గడిలో ఏం రాశారో మాత్రమే అడుగుతాను. ఊపిరి లెక్కపెట్టాలని చెయ్యి లేచిన రోజులు ఇంకా ఉన్నాయి. అప్పుడు అలమర దగ్గరికి వెళ్ళి, పిన్ని చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఆ మాటలు చదువుతాను.

"ఏం చూడాలో ముందు రాసి పెట్టుకో. పాలు ఎంత తాగింది, ఎన్నిసార్లు తడిపింది, లేపితే లేస్తోందా, చేతులు కాళ్ళు వెచ్చగా ఉన్నాయా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడు. ఒక్కటి తేడాగా ఉన్నా ఎవర్నీ అడక్కు, చెప్పులేసుకుని బయల్దేరు. అన్నీ సరిగ్గా ఉంటే ఇక పిల్లని చూడొద్దు. ఆడించు."